చక్కెర విరగదు

మూడు గంటల ఐదు నిమిషాలకు, అందరూ బాబాయి అని పిలిచే డిటెక్టివ్, మాత్రల ఫ్యాక్టరీ గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి, పక్కన టైము రాశాడు. ఐదింటికి తూకం అక్కను అరెస్టు చేస్తామని పోలీసులు పొద్దున్నే చెప్పేశారు. అంటే చేతిలో ఉన్నది రెండు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ.

తూకం అక్క ఈ ఫ్యాక్టరీ స్టోర్లో పదకొండేళ్ళుగా ముడిసరుకు తూచే మనిషి. నిన్న పొద్దున ఆమె తూకం గదిలోనే, శాంపిళ్ళు తీసే ఉద్యోగి ఊపిరాడక కుప్పకూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ముప్పై రెండేళ్ళ మనిషి. స్టోర్లో అందరూ శాంపిల్ తమ్ముడు అని పిలిచేవారు. అతనికి పుట్టుకతోనే పాలు పడవు, చుక్క లోపలికి వెళ్తే గొంతు వాచిపోతుంది. ఆ సమయంలో అతను విప్పిన బస్తాలో ఉన్నది అన్‌హైడ్రస్ లాక్టోజ్, అంటే తడి లేకుండా తయారుచేసిన పాల చక్కెర. గదిలో లేచిన పొడిని లాగేసే ఫ్యాను ఆపి ఉంది. ఆ ఫ్యాను వేయాల్సిన మనిషి అక్క. ఇంకేం కావాలన్నారు పోలీసులు.

కానీ చనిపోయినవాడి భార్య ఒప్పుకోలేదు. మధ్యాహ్నం భోజనం వేళ బాబాయి గుమ్మంలో నిలబడి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది.

"మా ఇంట్లో పెరుగు గిన్నె కూడా ఉండదండీ. ఆయనకు పాల భయం అంత. అయినా ఆ పొడిలో ఆరేళ్ళు పనిచేశారు, ఒక్కనాడు తుమ్మలేదు. నిన్న ఒక్కరోజుకే ఎలా పడకుండా పోయింది? ఆ అక్క ఆయన్ని భుజాన వేసుకుని పరిగెత్తింది. ఆవిణ్ణి జైల్లో పెట్టి ఈ కేసు మూసేస్తే, నేను నా పిల్లకు ఏం చెప్పను?"

బాబాయి డిటెక్టివ్ పనిలోకి రాకముందు ఇరవై రెండేళ్ళు వేరే కంపెనీ ల్యాబులో మందులు పరీక్షించినవాడు. ఆమె అడిగింది సరైన ప్రశ్న అని ఆయనకు తెలుసు. సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచాడు.

గేటు దగ్గర సంతకం పెట్టాక గార్డును ఒకటి అడిగాడు. "నిన్న పది నుంచి పదకొండు దాకా స్టోర్ తలుపుల దగ్గర ఎవరెవరు కార్డు పెట్టారో, మొత్తం లిస్టు తీసివ్వగలవా నాయనా?"

"మేనేజరు గారు నిన్నే పోలీసులకు ఇచ్చారండీ."

"అది వాళ్ళది. నాకు నాది కావాలి."

గార్డు ఇచ్చిన కాగితాన్ని చదవకుండానే నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. చదవడానికి కళ్ళజోడు నలుగురిలో బయటికి తీయడం ఇష్టం లేదు. దాని కాడ విరిగి, దారంతో కట్టి ఉంది.

స్టోర్స్ మేనేజరు గదిలో ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఇద్దరికీ పాత పరిచయమే. రెండేళ్ళ కిందట ఒక కేసులో పోలీసులు మూసేసిన ఫైలును బాబాయి తెరిపించాడు. ఇన్‌స్పెక్టర్ ఇంకా మరిచిపోలేదు.

"రండి పెద్దాయనా. చనిపోయినవాళ్ళ ఇంటికి మాకంటే ముందు మీరే వెళ్తున్నారు ఈమధ్య."

"నేను వెళ్ళలేదు బాబూ, వాళ్ళే వచ్చారు. మీ దగ్గరికి వస్తే మంచినీళ్ళు కూడా ఇవ్వలేదట."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయి దగ్గాడు. ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి. ప్యాంటు జేబులోంచి ఇన్‌హేలర్ తీసి, అందులో పెట్టి పీల్చే పొడి గుళిక కోసం డబ్బా విదిలించాడు. ఖాళీ.

మేనేజరు మెత్తటి మనిషి. మాట బయటికి రావడానికి కూడా అనుమతి అడుగుతున్నట్టు మాట్లాడతాడు. కెటిల్‌లో నీళ్ళు మరగగానే తనే లేచి టీ కలిపాడు. బాబాయికి పాలు పోసి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్‌కు పాలు లేకుండా నిమ్మచెక్క పిండి ఇచ్చాడు.

"సార్‌కు పాలు గిట్టవు," అన్నాడు నవ్వుతూ, ఇంటికొచ్చిన బంధువు అలవాట్లు చెప్పినట్టు.

"ల్యాబు రిపోర్టు వచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బస్తాలో ఉన్నది అచ్చమైన లాక్టోజ్. విషం లేదు, కల్తీ లేదు. పాలు పడనివాడు పాల చక్కెర పీల్చాడు. ఫ్యాను ఆపి ఉంది. అతను పడిపోగానే ఈవిడ గారు నాలుగు నిమిషాలు గది వదిలి వెళ్ళిపోయింది. తిరిగొచ్చి ఏం చేసిందో తెలుసా? సామాను సర్దింది. శాంపిల్ తీసే కడ్డీని కవర్లో పెట్టి, సీలేసి, కడిగే గదిలో పెట్టింది. మనిషి చస్తుంటే గిన్నెలు సర్దుకునే మనిషిని ఏమంటారు మీ భాషలో?"

"ఆ కడ్డీ ఇంకా అక్కడే ఉందా?"

"కడిగే గదికి నిన్నే తాళం వేయించాను. ఐదింటికి ఆవిణ్ణి తీసుకెళ్ళేటప్పుడు కడ్డీని ల్యాబుకు పంపిస్తాను, వేలిముద్రల కోసం. స్టోరు మొత్తానికి సీలు వేస్తాను."

మేనేజరు టీ కప్పు సాసరు మీద టక్కుమని ఆనింది. "స్టోరు మొత్తానికా సార్?"

"మొత్తానికే."

"తప్పకుండా సార్." ఒక్క క్షణం ఆగాడు. "మీకు ఆయాసంగా ఉన్నట్టుంది. ఆ గుళికలు మా దగ్గరే తయారవుతాయి. కొత్త సరుకు, ఇప్పుడే తెప్పిస్తాను."

తెప్పించడం కాదు, తనే వెళ్ళి తెచ్చాడు. చిన్న నీలం డబ్బా. ఇన్‌స్పెక్టర్ మొహమాటం లేకుండా జేబులో వేసుకున్నాడు. సరుకు బయటికి పంపే డిస్పాచ్‌లో పనుందని చెప్పి మేనేజరు వెళ్ళిపోయాడు. అప్పటికి టైము మూడు ఇరవై ఐదు.

తూకం అక్కను స్టోరు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక మహిళా కానిస్టేబుల్. నలభై ఏళ్ళుంటాయి అక్కకు. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి వేరేవాళ్ళవైనట్టు చూసుకుంటోంది.

బాబాయి బెంచీ మీద కూర్చోలేదు. ఎదురుగా మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద చతికిలబడ్డాడు. "నిన్న పొద్దున పదిన్నర నుంచి చెప్పమ్మా. గడియారం చూసినవి గడియారంతో చెప్పు, చూడనివి చూడలేదని చెప్పు."

"పది నలభైకి తమ్ముడు వచ్చాడండీ, కడ్డీ పట్టుకుని. నేనే రమ్మన్నాను."

"ఎందుకు?"

"ముప్పై ఆరు బస్తాలొచ్చాయి పోయిన నెల. రూలు ప్రకారం ఏడింటిలోంచే శాంపిల్ తీస్తారు. ముందు వరసలోవి తీశాడు, పాసయింది. తర్వాత వెనక వరసలోవి తొమ్మిది బస్తాలు ఇన్‌హేలర్ సెక్షనుకు తూచి ఇచ్చాను. ఆ పొడి గరిటెకు అంటుకుంటోంది బాబాయ్ గారూ. ఉండలు కడుతోంది. పదకొండేళ్ళలో ఈ లాక్టోజ్ ఉండ కట్టడం నేను చూడలేదు. దాంట్లో తడే ఉండదు కదా. మేనేజరు గారికి చెబితే వానాకాలం కదమ్మా అన్నారు. నా మనసు ఒప్పక తమ్ముడికి చెప్పాను. నేనే చెప్పాను." మొహం చేతుల్లోకి వంచుకుంది. "చెప్పకపోతే బతికుండేవాడు."

"అది తర్వాత ఏడుద్దాం తల్లీ. ఫ్యాను?"

"వేశాను. ఒట్టేసి చెప్తాను. ఇరవై తొమ్మిదో నంబరు బస్తా విప్పాడు. కడ్డీ దించి తీశాడు. పొడి చూసి ఏదో అనుమానం వచ్చినట్టు మాస్కు కిందికి లాక్కుని వాసన చూశాడు. 'అక్కా, ఇది...' అన్నాడు. అంతే. పది నలభై ఆరు. గోడ గడియారం ఎదురుగానే ఉంది."

"నువ్వెక్కడికి వెళ్ళావు?"

"గొంతు వాస్తే గుచ్చాల్సిన వాడి ఇంజెక్షను లాకర్లో ఉంటుంది. గదిలోకి సొంత వస్తువు ఏదీ తేకూడదు, రూలు. రెండు గదులు దాటి వెళ్ళాలి. బట్టలు మార్చకుండా ఆ చెప్పులతోనే పరిగెత్తాను. అలా తప్పు చేయడం అదే మొదటిసారి." ఆ తప్పు కూడా రాసుకోమన్నట్టు కానిస్టేబుల్ వైపు చూసింది. "తెచ్చి గుచ్చేసరికి పది యాభై ఒకటి. మేనేజరు గారు అప్పటికే వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఫ్యాను ఆపేశాను, గాలికి పొడి లేస్తోంది అన్నారు. తర్వాత మోసుకెళ్ళాం."

"ఆయన ఆపానన్నారా? పోలీసులకు ఇది చెప్పావా?"

"చెప్పాను. మేనేజరు గారు తను పది యాభై ఐదుకి, నా కేక విని వచ్చానన్నారట. ఆయన పెద్దమనిషి. నేను తూకాలు వేసుకునేదాన్ని."

"మరి ఆ కడ్డీ ఎందుకు సర్దావమ్మా?"

"తెలియదండీ. అంబులెన్సు వెళ్ళిపోయింది. వెనక్కి వచ్చాను. కడ్డీ కింద పడి ఉంది. వాడిన కడ్డీ కవర్లో పెట్టాలి, టైము రాయాలి, కడిగే గదిలో పెట్టాలి. కాళ్ళూ చేతులూ వాటంతట అవే చేసుకుపోయాయి. ఏం చేశానో సాయంత్రం పోలీసాయన అడిగాక గాని నాకే తెలియలేదు."

బాబాయి ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. పని మధ్యలో ఆయనకది అలవాటు. దేవుణ్ణి పెద్ద కోరికలేవీ కోరడు. ఉన్నది ఉన్నట్టు కళ్ళకు కనిపించేలా పెట్టమని మాత్రం అడుగుతాడు. ఇవాళ ఇంకో మాట కూడా లోపల మెదిలింది. ఈమె చేతులకు ఆ మంచి అలవాటు నేర్పినవాడివి నువ్వే కదా స్వామీ, అదే ఈమె మెడకు ఉచ్చు ఎలా అయింది? ఆయన లేచాడు.

తూకం గదిలోకి వెళ్ళాలంటే తలకు టోపీ, కాళ్ళకు తొడుగులు, ఒంటికి అంగీ వేసుకోవాలి. ఇన్‌స్పెక్టర్ సణుగుతూనే వేసుకున్నాడు.

"ఇద్దరం వంటవాళ్ళలా ఉన్నాం."

"మీరు ఉన్నారు. నేను కూరగాయలు తరిగేవాడిలా ఉన్నాను," అన్నాడు బాబాయి.

గది చిన్నది. మూడు వైపులా తెల్ల గోడలు. ఎదురు గోడంతా జల్లెడలాంటి రేకు, దాని వెనక ఫ్యాను. మధ్యలో తూకం యంత్రం. కింద, పోలీసు టేపు మధ్య, ఇరవై తొమ్మిదో నంబరు లేబులున్న బస్తా. బాబాయి ముందుగా బస్తాను చూడలేదు. కిటికీ అంచు మీద వేలితో రుద్దాడు. వేలు శుభ్రంగా ఉంది. గడియారం పైభాగం, తూకం యంత్రం నెత్తి, దీపం గాజు, అన్నీ తుడిచినట్టున్నాయి. అప్పుడు జల్లెడ రేకు మీద రుద్దాడు. వేలికి మందంగా తెల్లపొడి అంటింది.

"నిన్నటి నుంచి ఈ గది ఎవరైనా తుడిచారా?"

"నా తాళం నా జేబులోనే ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఫ్యాను ఆగి ఉండగా పొడి లేస్తే ఎక్కడ వాలాలి బాబూ? కిటికీ మీద, గడియారం మీద, మీ టోపీ మీద. ఇక్కడ పొడంతా జల్లెడకు అతుక్కుంది. బస్తా విప్పినప్పుడు ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆపింది తర్వాత."

ఇన్‌స్పెక్టర్ మొహం ముడుచుకుంది. "రేకు మీద పాత పొడి కావచ్చు."

"కావచ్చు. అయితే పాతది కాని దాన్ని చూద్దాం. మీ వాళ్ళు ఈ బస్తాలోంచి ల్యాబు కోసం ఎంత తీశారు?"

"యాభై గ్రాములు. పంచనామాలో రాయించాను."

"శాంపిల్ తమ్ముడు కడ్డీతో తీసింది వంద గ్రాముల దాకా ఉంటుంది, అది రూలు. వచ్చిన రోజు అన్ని బస్తాలదీ ఒకటే తూకం, లేబులు మీద ఉంది చూడండి. ఇరవై ఐదు కిలోల మూడొందలు. అంటే ఇప్పుడెంత ఉండాలి?"

"ఇరవై ఐదూ నూట యాభై," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బళ్ళో ఎక్కం అప్పజెబుతున్నట్టు.

"మీరే పెట్టండి యంత్రం మీద. నేను ముట్టుకోను, మళ్ళీ నా వేలిముద్రలంటారు."

ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ బస్తాను ఎత్తి పెట్టాడు. అంకెలు కొంచెంసేపు ఊగిసలాడి నిలబడ్డాయి. ఇరవై ఐదు కిలోల రెండొందల యాభై గ్రాములు.

ఇన్‌స్పెక్టర్ బస్తాను దించి, యంత్రాన్ని సున్నా చేసి, మళ్ళీ పెట్టాడు. అదే అంకె.

"ఈ బస్తాలోంచి మీరు తీసిన యాభై మాత్రమే తగ్గింది," అన్నాడు బాబాయి. "చనిపోయినవాడు దీన్ని ముట్టుకోలేదు. అతను విప్పిన బస్తా ఇది కాదు. ల్యాబు రిపోర్టు నిజమే, కాని అది వేరే బస్తాది."

"లేబులు మార్చారంటారా?"

బాబాయి గుమ్మం దగ్గరికి వెళ్ళి వరండాలోకి కేకేశాడు. "అక్కా, ముందు వరసలో నంబర్లు ఒక్కసారి చదువమ్మా."

కానిస్టేబుల్‌తో పాటు అక్క లోపలికి వచ్చి, గాజు తలుపులోంచి స్టోరులో పేర్చిన బస్తాల వైపు చూసింది. వేలు కూడా చూపించలేదు, పెదవులు మాత్రం కదిలాయి. "పదకొండు లేదండీ. పదీ పన్నెండూ ఉన్నాయి. పదకొండును ఇంకా విప్పనే లేదు."

"పదకొండు ఇదిగో, ఇరవై తొమ్మిది లేబులు కట్టుకుని ఇక్కడ కూర్చుంది. అసలు ఇరవై తొమ్మిది ఎక్కడికో వెళ్ళిపోయింది."

"ఆ నాలుగు నిమిషాల్లో ఎవరైనా చేసుండొచ్చు. ఈవిడే చేసుండొచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మాటలో మునుపటి బిగువు లేదు.

"చేసిందో లేదో ఈవిడ సర్దిన కడ్డీయే చెబుతుంది. బస్తా మార్చినావిడ ఆ బస్తా పొడిని సీలేసి దాచిపెట్టదు. తాళం తీయండి."

కడిగే గదిలో రేకు అల్మారా మీద, సీలు వేసిన కవర్లో ఉంది కడ్డీ. మూరెడు పొడవు, బోలు, పక్కన మూడు చిన్న అరలు. కవరు మీద పెన్నుతో నీటైన అక్షరాలు. లాక్టోజ్, బస్తా ఇరవై తొమ్మిది, టైము పదకొండు పది. ఏడుస్తూ రాసిన అక్షరాల్లా లేవు. మూడు అరల్లోనూ పొడి నిండుగా ఉంది.

"ఇది పాలలోంచి వచ్చిన చక్కెర అని మీరన్నారు, నిజమే," అన్నాడు బాబాయి. "కాని పాలు పడనివాళ్ళకు పడనిది చక్కెర కాదు బాబూ. పాలలో ఉండే మాంసకృత్తులు. లాక్టోజ్ తయారుచేసేటప్పుడు వాటిని తీసేస్తారు, వెతికినా దొరకవు. అందుకే అతను ఆరేళ్ళు ఇందులో మునిగి కూడా తుమ్మలేదు. అందరూ పాలు, పాల చక్కెర అనుకుని సరిపెట్టుకున్నారు. అతని భార్య ఒక్కతే సరిపెట్టుకోలేదు."

ఒక అరలోంచి సగం పొడి మాత్రం తీయించాడు. మిగతా రెండున్నర అరలకు ఇన్‌స్పెక్టర్ చేతనే మళ్ళీ సీలు వేయించి సంతకం పెట్టించాడు. మేనేజరు గదిలో మనిషి లేడు. కెటిల్ ఇంకా వేడిగానే ఉంది. బాబాయి దాన్ని మళ్ళీ మరిగించి, రెండు గాజు గ్లాసులు వరసగా పెట్టాడు. ఒకదాంట్లో బస్తా పొడి, రెండోదాంట్లో కడ్డీ పొడి. సలసల మరిగే నీళ్ళు పోశాడు. మొదటి గ్లాసులో పొడి చెంచాతో తిప్పగానే కరిగి, నీళ్ళు నీళ్ళలాగే నిలిచాయి. రెండోదాంట్లో నీళ్ళు మసకబారాయి, పొగమంచు దిగినట్టు.

ఇన్‌స్పెక్టర్ టీ సాసరులో మిగిలిన నిమ్మచెక్కను తీసి, రెండు గ్లాసుల్లోనూ తలా నాలుగు చుక్కలు పిండాడు బాబాయి.

మొదటి గ్లాసు కదల్లేదు. రెండోదాంట్లో తెల్లటి తునకలు ఒకటొకటిగా పుట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని, మెల్లగా అడుక్కి దిగాయి. గ్లాసులోంచి విరిగిన పాల వాసన వచ్చింది.

"చక్కెర విరగదు," అన్నాడు బాబాయి. "విరిగేవి పాలు. ఎవరో పశువుల దాణాలోకో బేకరీకో వెళ్ళాల్సిన చవక పాల పొడిని లాక్టోజ్‌లో కలిపి, మందుల బస్తాల్లో నింపారు. ముందు వరసలో మంచివి, వెనక కల్తీవి. అది తేమను పీల్చుకుని ఉండలు కట్టింది. ఈవిడ గరిటె పట్టుకుంది, ఆ పిల్లవాడి ముక్కు పట్టుకుంది. జీవితమంతా ఆ వాసనకు దూరంగా పరిగెత్తినవాడు, అనుమానం తీర్చుకోవడానికి దాని దగ్గరకే వంగాడు."

ఇన్‌స్పెక్టర్ గ్లాసును వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. దించి మళ్ళీ ఎత్తాడు. "మేనేజరు."

"నేననను. మీ దగ్గరున్న కార్డుల లిస్టు ఎవరిచ్చారు?"

"ఆయనే. ఈవిడవి రెండు లైన్లు, పది నలభై ఏడు బయటికి, పది యాభై ఒకటి లోపలికి."

బాబాయి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకోక తప్పలేదు. ఇన్‌స్పెక్టర్ ఆ దారాన్ని చూశాడు గాని నవ్వలేదు. అక్క లైన్ల పైన, పోలీసుల లిస్టులో లేని ఇంకో లైను ఉంది. పది నలభై నాలుగు, లోపలికి, స్టోర్స్ మేనేజరు. శాంపిల్ తమ్ముడు పడిపోవడానికి రెండు నిమిషాల ముందు.

"అతను వెనక వరస బస్తా తీయడం ఆయన చూశాడు," అన్నాడు బాబాయి. "వెనకే వచ్చాడు. అక్క ఇంజెక్షను కోసం పరిగెత్తింది. ఊపిరాడని మనిషిని పక్కన పెట్టుకుని, ఆయన బస్తా మార్చి, లేబులు అతికించి, ఫ్యాను ఆపాడు. ఆ తర్వాత తల ఒళ్ళో పెట్టుకున్నాడు." చివరి మాట ఆయన నోటికి చేదుగా తగిలింది.

ఇన్‌స్పెక్టర్ గబగబా వరండాలోకి నడిచాడు. ఫోనులో ఎవరికో మేనేజరును పట్టుకోమని చెబుతుంటే మధ్యలో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కోపం, పొడి, పరుగు, అన్నీ కలిసి ఛాతీలో కూర్చున్నాయి. గోడకు ఆనుకుని ఇన్‌హేలర్ తీశాడు. నీలం డబ్బా విప్పి గుళిక పెట్టి, టిక్కుమని నొక్కి, నోటి దగ్గరకు తీసుకున్నాడు.

బాబాయి కళ్ళు గదిలో టేబుల్ మీద ఉన్నాయి. ఒక కప్పులో పాల టీ. ఒక కప్పులో నల్ల టీ. సార్‌కు పాలు గిట్టవు. వెనక వరసలోవి తొమ్మిది బస్తాలు ఇన్‌హేలర్ సెక్షనుకు.

అరవై ఏళ్ళ మోకాళ్ళు ఆ వరండాను ఎలా దాటాయో ఆయనకే తెలియదు. ఇన్‌స్పెక్టర్ మణికట్టు మీద గట్టిగా కొట్టాడు. ఇన్‌హేలర్ గచ్చు మీద పడి రెండు ముక్కలైంది, తెల్లపొడి పలుచగా చిమ్మింది.

"పిచ్చి పట్టిందా మీకు?"

"మీకు పాలు నచ్చవా, పడవా?"

"పడవు. చిన్నప్పుడు తాగితే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఆస్పత్రిలో పెట్టారట. పొద్దున ఆయనకు చెప్పా..." మాట అక్కడే తెగిపోయింది. కింద చిమ్మిన పొడి వైపు చూశాడు. తర్వాత చేతిలో నీలం డబ్బా వైపు.

ఆ గుళికలో మందు ఆవగింజలో వందో వంతు. మిగతాదంతా ఊపిరితిత్తుల్లోకి దాన్ని మోసుకెళ్ళే లాక్టోజ్. స్టోరుకు సీలు వేస్తానన్నాకే ఆ డబ్బా వచ్చింది. ఆయాసం ఉన్న పోలీసాయన పొడి గదిలో పడిపోతే ఎవరు అడుగుతారు? మేనేజరు అంతా లెక్కవేసి ఇచ్చాడా, భయంలో చేతికందింది ఇచ్చాడా, అది ఆయన మనసుకూ దేవుడికీ తెలియాలి. మహిళా కానిస్టేబుల్ పరుగున వెళ్ళి తన బ్యాగులోంచి ఆయాసం తగ్గించే స్ప్రే ఒకటి తెచ్చి ఇచ్చింది. అది తన తల్లిదట. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు పీల్చాడు. కూతలు తగ్గడానికి కొంత సమయం పట్టింది.

ఆయన ఫోను మోగింది. విని, నెమ్మదిగా కిందికి దించాడు.

"డిస్పాచ్‌లో మేనేజరు లేడు. ఈ బ్యాచి గుళికలు నాలుగు వేల డబ్బాలు నాలుగింటికి లారీలో వెళ్ళిపోయాయట. సరుకు దింపి వస్తానని ఆయనే పక్క సీట్లో ఎక్కాడట." గోడ గడియారం నాలుగు ఇరవై చూపిస్తోంది. "పిల్లలు పీలుస్తారు అవి. లారీ నంబరు రాసిన పుస్తకం కూడా పట్టుకుపోయాడు. ఎటు వెళ్ళిందో..." ఆయన బాబాయి వైపు తిరిగాడు. పెద్దాయనా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టుంది. "ఇప్పుడెలా బాబాయ్ గారూ?"

బెంచీ మీద నుంచి అక్క లేచింది. ఐదింటికి జైలుకు వెళ్ళాల్సిన మనిషి, పదకొండేళ్ళు నేర్చుకున్న పద్ధతిలో చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది.

"ఆ సరుకు కోసం వచ్చిన లారీని ఖాళీగా ఉన్నప్పుడు కాటా మీద తూచింది నేనే సార్, మొన్న సాయంత్రం," అంది. "నేను తూచినదాని నంబరు మరిచిపోను. రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం దొరకలేదు. జేబులో ఉన్నది ఆమె అరెస్టు కాగితం ఒక్కటే. దాన్ని తిరగేసి, గోడకు ఆనించి పట్టుకుని, "చెప్పమ్మా," అన్నాడు.